మరణించు హక్కు – బాధ తీర్చు బాధ్యత

తీరని వ్యాధితో కుమిలిపోవు మనుష్యుని ప్రాణము తీయుట కరుణయా, హత్యయా? ఈ ప్రశ్న 2004లో తెలుగువారి ముంగిటికే వచ్చినది. హైదరాబాదు చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్ కండరములు క్రమముగా క్షీణించు వ్యాధికి లోనై, తన అవయవములు చెడిపోకమునుపే వాటిని పరులకిచ్చి మరణించుటకు అనుమతి వేడినాడు. మెదడు నిర్జీవమైనట్లు వైద్యులు నిర్ధారింపనిదే అట్టి దానమునకు 1994 నాటి చట్టము ఒప్పదు గనుక ఉన్నత న్యాయస్థానము నిరాకరించినది. ఆ వెంటనే, డిసెంబరు 17న, అతడు కన్నుమూసినాడు. అతని నేత్రములు దానము చేయబడినవి.

న్యాయస్థానమును కఠినమని నిందించుట సులభము. కాని ప్రాణము తీయు అధికారమును ఒకసారి అంగీకరించినచో, అది ఆస్తికై తొందరపడు వారసుని చేతికి చిక్కదని ఎవరు హామీ ఈయగలరు?

జీవించు హక్కులో మరణించు హక్కు చేరదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కోలుకొను ఆశ లేని రోగికి కృత్రిమ సాధనములను తొలగించి, గౌరవముగా కన్నుమూయనిచ్చుట తగునని 2018లో అదే న్యాయస్థానము అంగీకరించినది. మందిచ్చి చంపుట మాత్రము నేటికిని నేరమే. తనకట్టి స్థితి వచ్చినచో ఏమి చేయవలెనో ఎవరైనను ముందే వ్రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకము చేయవచ్చును. 2023 సవరణ ప్రకారము దానిని నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరింపవలెను. అనగా గెజిటెడ్ హోదాగల ప్రధానోపాధ్యాయుని ఎదుటకును ఆ పత్రము రావచ్చును. చికిత్స ఆపుటకు ముగ్గురేసి వైద్యులతో కూడిన రెండు మండలులు సమ్మతింపవలెను.

ఈ నియమములను భద్రాచలము దాటి చర్ల, దుమ్ముగూడెము అడవి పల్లెలలో నిలిపి చూడవలెను. వాగులు పొంగినచో రోగిని డోలీలో మోసికొని రావలసిన కోయ పల్లెలు అచ్చట కలవు. ఖమ్మము ఆసుపత్రులకు భద్రాచలము నుండియే 100 కిలోమీటర్లకు పైబడిన దూరము. శ్వాసయంత్రమే చేరని చోట దానిని తొలగించు హక్కునకు అర్థమేమి? చికిత్స వ్యర్థమని మానుట వివేకము. చేతిలో కాసు లేక రోగిని ఇంటికి మరలించుట సంఘమునకే అపచారము. ఈ రెంటిని ఒకే పేరుతో పిలువరాదు.

మరణము కోరువాడు తరచుగా కోరునది బాధా నివృత్తినే. మార్ఫిన్ వంటి ఔషధములు వేదనాగ్రస్తులకు సులభముగా అందవలెనని 2014లో మాదకద్రవ్యముల చట్టమును సవరించినారు. ఆ ఔషధమును, దానిని ఎరిగి వాడగల వైద్యుని, నర్సును అడవి అంచువరకు చేర్చుట ప్రభుత్వముల విధి. తరగతిలో ఈ విషయము చర్చకు వచ్చినపుడు విద్యార్థులు మొదట అడుగవలసిన ప్రశ్నయు ఇదియే: ఈ రోగికి నొప్పి తీర్చుటకు మనము చేయదగినదంతయు చేసినామా? దానికి అవునని చెప్పగల సంఘమునకే రెండవ ప్రశ్న వేయు అర్హత కలుగును.