గీత పలికింది, సింహం పలకలేదు

డిస్నీ సంస్థ 1994లో చేతిగీతల బొమ్మలతో తీసిన ‘ద లయన్ కింగ్’ నిడివి 88 నిమిషాలు. 2019లో జాన్ ఫావ్రో దర్శకత్వంలో అదే కథ దాదాపు రెండు గంటల చిత్రంగా మళ్లీ వచ్చింది. దాన్ని లైవ్ యాక్షన్ అనడం వాడుక మాటే. నిజంగా కెమెరాతో తీసిన షాట్ అందులో ఒక్కటే, ఆరంభంలోని సూర్యోదయం. తక్కినదంతా కంప్యూటర్ సృష్టి.

గాలికి కదిలే జూలు, చర్మం కింద బిగిసే కండరం చూస్తే ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలి. కానీ కథకు ప్రాణం ముఖంలో ఉంటుంది. పాత చిత్రంలో లోయలోకి జంతువుల మంద విరుచుకుపడగానే సింహం పిల్ల సింబా కళ్లు బెదిరి పెద్దవవుతాయి. తండ్రి చనిపోయాక ఆ పసికూన అతని పంజా కిందికి దూరి పడుకుంటుంది. అప్పటి దుఃఖమంతా గీసిన కనుబొమల్లోనే పలికింది. అడవి సింహానికి అలాంటి కనుబొమలు లేవు. సహజత్వం కోసం కొత్త చిత్రం ఆ భాషనే వదులుకుంది, భారమంతా గొంతులపై పడింది. తెలుగులో నాని, జగపతిబాబు, బ్రహ్మానందం, అలీ ఆ లోటును కొంత పూడ్చారు.

ఫావ్రోనే 2016లో తీసిన ‘ద జంగిల్ బుక్’ ఇంతకంటే మెరుగు. అందులో మోగ్లీగా నీల్ సేథీ అనే నిజమైన పిల్లవాడున్నాడు, భయమూ నవ్వూ అతని ముఖంలో దొరికాయి.

2019 చిత్రం వసూళ్లు 160 కోట్ల డాలర్లు దాటాయి. అయినా పిల్లలకు మొదట చూపించాల్సింది 1994 నాటి చిత్రమే.