గజాలా హాష్మీ గెలుపు: మతం ఎంత, రాజకీయం ఎంత?

హైదరాబాద్: 2025 నవంబర్ 4న గజాలా హాష్మీ వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. అమెరికాలో ఒక రాష్ట్రం మొత్తం ఓటేసి ఎన్నుకున్న మొదటి ముస్లిం మహిళ ఆమే. నాలుగేళ్ల వయసులో అమెరికా వెళ్లేదాకా మలక్‌పేటలో అమ్మమ్మ ఇంట్లో పెరిగారు కాబట్టి, పాతబస్తీ ఖుష్ అవ్వడం సహజమే. కానీ ‘మనోళ్లు గెలిచారు’ అంటే సగం కథే.

వర్జీనియాలో ముస్లిం ఓట్లు చాలా తక్కువ. ఆమెను గెలిపించింది ఎక్కువగా వేరే మతాలవాళ్లే. ప్రచారమంతా స్కూళ్లు, వైద్యం, అబార్షన్ హక్కు మీద సాగింది. ఈ చివరిది మన ఇళ్లలో చాలామందికి మింగుడుపడదు. అయినా ఆ సంగతి దాటేసి ముబారక్‌బాద్‌లు చెప్పుకోవడం నిజాయితీ కాదు.

అలాగని మతం అసలు లేదనలేం. కాలేజీలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పుకునే ఆమెను రాజకీయాల్లోకి లాగింది 2017లో ట్రంప్ తెచ్చిన ట్రావెల్ బ్యానే. పదవికి మతపరీక్ష ఉండొద్దని అమెరికా రాజ్యాంగం ఆర్టికల్ 6 చెప్తుంది. టీవీల్లో, సభల్లో మాత్రం ఆ పరీక్ష ఆగలేదు. 2006లో కీత్ ఎల్లిసన్ ఖుర్‌ఆన్‌పై ప్రమాణం చేస్తానంటే ఎంత రచ్చ! తీరాచూస్తే ఆయన చేయి పెట్టింది థామస్ జెఫర్సన్ దాచుకున్న ప్రతి మీద. ఆ జెఫర్సన్‌దీ వర్జీనియానే.

లెఫ్టినెంట్ గవర్నర్ సెనేట్‌ను నడుపుతారు, ఓట్లు సమానమైతే తన ఓటు వేస్తారు. ఇకమీద చూడాల్సింది ఆ ఓటే.