వెల్లడించకపోవడానికీ ఖర్చుంది

సమాచార హక్కు చట్టం అనగానే దరఖాస్తు పెట్టి అడగడమే మనకు గుర్తుకు వస్తుంది. ఎవరూ అడగకముందే కార్యాలయాలు తమంతట తాము సమాచారాన్ని వెల్లడించాలని 2005 నాటి ఆ చట్టంలోని 4వ సెక్షన్ శాసించింది. అధికారుల విధులు, బడ్జెట్ కేటాయింపులు మొదలుకొని సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాల దాకా అనేక అంశాలను 120 రోజుల్లో ప్రచురించమన్నది. ఇంటర్నెట్‌ను కూడా ఒక సాధనంగా పేర్కొన్నది.

పంచాయతీలను, చిన్న మునిసిపాలిటీలను ఈ సంగతి అడిగితే ఖర్చు మాట వినిపిస్తుంది. ఆ మాటను మేము కొట్టిపారేయము. గుమాస్తా కొలువులో తల నెరిసినవారము గనుక ఆ ఖర్చు ఎక్కడ పుడుతుందో ఎరుగుదుము. రిజిస్టరులోని పద్దును మళ్లీ టైపు చేయడంలో, పేర్లు సరిచూడడంలో, నెలనెలా మార్పులు ఎక్కించడంలో అది పుడుతుంది. వెబ్‌సైటు వెల అందులో చిన్న భాగమే. పన్నుల వసూలు, పారిశుద్ధ్యం చూసే కార్యదర్శి నెత్తినే ఈ పనీ పడుతుంది. ఉత్తర్వు వస్తుంది, మనిషి రాడు.

అయితే వెల్లడించకపోవడానికీ ఖర్చుంది. అది సర్కారు పద్దుల్లో కనబడదు. పింఛను జాబితాలో తన పేరు ఎందుకు లేదో తెలుసుకోవడానికి ఒక వితంతువు కూలి మానుకొని మండల కార్యాలయానికి వెళ్తుంది. బస్సు ఛార్జీ, అర్జీ రాసిపెట్టినవారికి ఇచ్చుకునేది, ఆపైన 30 రోజుల ఎదురుచూపు. అదే ప్రశ్నతో మరో పదిమంది వస్తే గుమాస్తా అదే కాగితాన్ని పదిసార్లు వెతకాలి.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో నీటి సరఫరా, అగ్నిమాపకం వంటి సేవల కోసం స్పెషల్ డిస్ట్రిక్టులనే చిన్న స్థానిక సంస్థలున్నాయి. వాటిలో స్వతంత్రంగా నడిచే ప్రతిదానికీ 2020 జనవరి 1 నాటికి వెబ్‌సైటు ఉండాలని 2018లో అక్కడ చట్టం చేశారు. నిధులు, సిబ్బంది, ఇంటర్నెట్ కొరవడిన సంస్థకు మినహాయింపు ఉంది. కాని పాలకమండలి సమావేశమై, కారణాలు చూపి తీర్మానం చేయాలి. ఆ తీర్మానాన్ని ఏటా మళ్లీ ఆమోదించాలి. మాకు నచ్చినది ఈ షరతే. మన దగ్గర చేయలేనివారు చేయలేమని కూడా చెప్పరు. గ్రామసభలో కారణం చెప్పి మినిట్స్‌లో రాస్తే ఎంత డబ్బు, ఎందరు మనుషులు కావాలో పై అధికారుల ముందు పెట్టడానికైనా ఒక ఆధారం దొరుకుతుంది.

పైగా మన చట్టం వెబ్‌సైటు ఒక్కటే దారి అనలేదు. నోటీసు బోర్డునూ, బహిరంగ ప్రకటననూ అంగీకరించింది. ఖర్చును, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోమన్నది. ఉర్దూను రెండో అధికార భాషగా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో గుర్తించాయి గనుక ఉర్దూ చదివే బస్తీలో జాబితా ఆ లిపిలోనూ ఉండాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు. ఆధార్, బ్యాంకు ఖాతా సంఖ్యలు మాత్రం ఏ భాషలోనూ గోడకెక్కకూడదు.

పంచాయతీల ప్రణాళికలు, ఖర్చుల కోసం కేంద్రం 2020లో ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌ను తెచ్చింది. అందులో ఎక్కించిన పద్దునే ముద్రించి బోర్డు మీద అతికించడానికి కాగితం, జిగురు చాలు. వచ్చే గ్రామసభలో మన యువకులు ముందుగా ఆ కాగితం ఏదని అడగాలి. అది లేకపోతే, లేకపోవడానికి కారణం చూపే తీర్మానం అడగాలి.