పెద్ద ప్లేటులో 'పెద్ద' ఏది?

(కంచంలో కులం – 9)



ఈ వారం అద్దె ఇండ్ల గురించి రాస్తానని చెప్పాను. ఆ ముచ్చట కూడా వస్తుంది గానీ, ముందు ఇంకో సంగతి.

మొన్న మా బ్యాచ్ పూర్వ విద్యార్థుల సావనీరు చేతికొచ్చింది. ఉస్మానియాలో నాతో ఒకే హాస్టల్లో ఉన్న మిత్రుడు అందులో మూడు పేజీల జ్ఞాపకం రాశాడు. పేరు చెప్పను. మంచోడే. ఆధిపత్య కులంలో పుట్టినా ఆ రోజుల్లో మా రూమ్‌లోనే తిని మా రూమ్‌లోనే పడుకునేవాడు.

రాసింది మేమందరం తిన్న హోటల్ గురించి. ఆదివారం రాత్రి మెస్ బంద్. నలుగురం జేబులు తడుముకుని చిల్లర పోగేసి, రెండు బస్సులు మారి, ఆ సందులోకి పోయేవాళ్లం. రేకుల కప్పు, మసిబారిన గోడ, నాలుగు బల్లలు. అక్కడ దొరికే పెద్ద ప్లేటు కోసం పోయేవాళ్లం. అది ప్లేటు కాదు, తాంబాళం. దాని మీద గుట్టలాగా బిర్యానీ. టమాట, ధనియాలు, జీలకర్ర కలిసిన ఆ ఘాటు సందు మొదట్లోనే తగిలేది. అన్నంలో పిడికిలంత ముక్కలు. అన్నిటికన్నా పైన ఒక నల్లి బొక్క. ఆ బొక్క ఎవరిదన్న పంచాయితీ ప్రతి ఆదివారం ఉండేది. నలుగురు తిన్నా ఇంకా మిగిలేది. కౌంటర్ దగ్గరి చాచా మా మొఖాలు చూసి ఇంకో గరిటె అన్నం ఉత్తగనే వేసేవాడు.

మిత్రుడు ఇవన్నీ బాగా రాశాడు. చదువుతుంటే నా నోట్లో నీళ్లూరాయి, కండ్లల్ల కూడా. రెండో పేజీ చివర ఒక మాట దగ్గర ఆగిపోయాను. 'మెత్తటి మటన్ ముక్కలు' అని రాశాడు.

మటనా?

వెంటనే ఫోన్ చేశాను. "అన్నా, మనం తిన్నది మటనా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడెందుకురా అయన్నీ... మా ఇంట్లోళ్లు చదువుతరు, ఆఫీసోళ్లు చదువుతరు. ముక్క ఏదైతేంది, మన దోస్తానా ముఖ్యం గదా" అన్నాడు.

ముక్క ఏదైతేంది? ఈ ప్రశ్నకు జవాబుగానే ఈ భాగం రాస్తున్నాను.

ఆ హోటల్ బోర్డు మీద 'కళ్యాణి బిర్యానీ' అని ఉండేది. హైదరాబాద్‌లో ఆ మాటకు అర్థం తెలిసినోళ్లకు తెలుసు. బర్రె, దున్న మాంసంతో వండే బిర్యానీ అది. పాతబస్తీ వాళ్లు 'బడేకా గోష్త్' అంటారు. మా ఊళ్లో మాదిగ గూడెంలో 'పెద్దకూర' అంటాం. మేకది చిన్నకూర, బర్రెది పెద్దకూర. మేం ఆ ప్లేటును 'పెద్ద ప్లేటు' అని పిలిచింది అందుకే. మా రూమ్‌లో మొదట ఆ పేరు పెట్టింది మా గూడెం పిల్లలమే. మిత్రుడు మాత్రం సైజు పెద్దది కాబట్టి ఆ పేరు వచ్చిందని రాశాడు. పేరును ఉంచుకుని, ఆ పేరు ఎందుకొచ్చిందో దాన్ని తీసేశాడు.

ఆ సైజు కూడా ఊరికే రాలేదు. మేక మాంసంతో ఆ ధరకు అంత ప్లేటు ఎవడూ పెట్టలేడు. బర్రె మాంసం చవక కాబట్టి ముక్క పెద్దది, ముక్క పెద్దది కాబట్టి నలుగురి కడుపు నిండింది. రిక్షా తొక్కేటాయన, మేస్త్రీ కింద పనిచేసేటాయన, స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తదో తెలియని మేము, అందరం ఒకే బల్ల మీద తిన్నామంటే ఆ మాంసం వల్లనే. అన్నా, మన దోస్తానా నిలబడింది ఆ ముక్క మీదనే. దాన్ని మటన్ చేస్తే లెక్క కుదరదు. మటన్ అయితే మనం ఆ హోటల్ గడప కూడా తొక్కేవాళ్లం కాదు.

ఇది ఒక్క మా మిత్రుడి కథ కాదు. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2019లో యునెస్కో ఈ నగరాన్ని సృజనాత్మక నగరాల జాబితాలో వంటల విభాగంలో చేర్చింది. సంతోషమే. నగరం మీద ప్రేమ నాకూ ఉంది. కానీ అప్పటి నుంచి ఈ నగరం తిండి మీద పేపర్లలో నేను చదివిన వ్యాసాల్లో నిజాముల దస్తర్‌ఖాన్ ఉంది, కుంకుమపువ్వు ఉంది, ఇరానీ చాయ్ ఉంది. కూలోళ్ల కడుపు నింపిన కళ్యాణికి ఎప్పుడన్నా ఒక వాక్యం దొరికితే దొరికినట్టు. వారసత్వం అనే మాటలో వంట పట్టింది, వండినోడూ తిన్నోడూ పట్టలేదు.

కళ్యాణి అనే పేరు సంగతి కూడా వినండి. కళ్యాణి నవాబుల ఇంటి నుంచి ఈ వంట హైదరాబాద్‌కు వచ్చిందని చెప్తారు. ఆ కళ్యాణి ఇప్పుడు కర్ణాటకలోని బీదర్ జిల్లా బసవకల్యాణ్. 12వ శతాబ్దంలో బసవన్న ఉన్న ఊరు అదే. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కి, బ్రాహ్మణుడైన మధువరసు బిడ్డకు పెండ్లి చేసినందుకు బిజ్జలుడు ఆ ఇద్దరు తండ్రులనూ చంపించాడని శరణుల సంప్రదాయం చెప్తుంది. మనం బల్ల మీద తిన్న ఆ పేరు వెనక ఒక చెప్పులు కుట్టే తండ్రి నెత్తురు కూడా ఉంది. ఇది తెలిసినప్పటి నుంచి ఆ బోర్డు నాకు వేరేగా కనిపిస్తుంది.

ఇక వాదనలకు వద్దాం. ఎప్పుడూ వచ్చేవే.

"మాకు అభ్యంతరం ఆవుతోనే, బర్రెతో కాదు" అంటారు. మన దగ్గర 1977 నాటి చట్టం ఉంది. ఆవును కోయడం నిషేధం. పనికిరాని దున్నను, బర్రెను అధికారి సర్టిఫికెట్‌తో కోయొచ్చు. మేం తిన్నది చట్టం ఒప్పుకున్న మాంసమే. మరి 2017 మేలో కేంద్రం పశువుల సంతల మీద తెచ్చిన నిబంధనల్లో, కోతకు అమ్మకూడని పశువుల్లో బర్రెలను ఎందుకు కలిపారు? సుప్రీంకోర్టు దాకా పోయి ఆగింది కాబట్టి సరిపోయింది. ప్రపంచంలో బర్రె మాంసం ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో మనది ఒకటి. ఓడ ఎక్కితే అది డాలర్. మా గూడెంలో పొయ్యి ఎక్కితే అపవిత్రం.

చచ్చిన ఆవునైనా వదిలారా? 2016 జూలైలో ఉనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు దళితులను బండికి కట్టి కొట్టారు. అదే ఆగస్టులో మన అమలాపురంలో కరెంటు షాక్‌తో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత అన్నదమ్ములను కొట్టారు. అక్కడ ఎవరూ ఏ జంతువునూ చంపలేదు. దెబ్బ పడింది కులం మీద.

"తిండిని రాజకీయం చేస్తారెందుకు?" అంటారు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు నేను ఆ గుంపులో ఉన్నాను. హాస్టల్ మెస్సులో మా తిండికీ చోటు కావాలని అడిగాం, అంతే. అడిగినందుకు రాళ్లు పడ్డాయి, టియర్ గ్యాస్ వచ్చింది. 2015 డిసెంబర్‌లో మళ్లీ పెట్టాలనుకుంటే కోర్టు ఆర్డర్, అరెస్టులు. ఒక ప్లేటు బిర్యానీకి అన్ని పోలీసు బండ్లు వచ్చాయంటే, తిండిని రాజకీయం చేసింది ఎవరు?

"అంబేద్కరే వద్దన్నాడు కదా" అనేది ఇంకో వాదన. మనవాళ్లు కూడా అంటారు, అందుకే ఓపికగా చెప్తున్నాను. మహద్ పోరాటం రోజుల్లో బాబాసాహెబ్ మానేయమన్నది చచ్చిన పశువు మాంసం. ఊరు మన మీద పడేసిన చాకిరీని, దానితోపాటు కూలిగా పడేసిన పీనుగునూ తిరస్కరించమన్నాడు. అదే బాబాసాహెబ్ 1948లో అంటరానివాళ్లు ఎవరు అనే పుస్తకం రాసి, అంటరానితనం పుట్టుకకూ గొడ్డుమాంసానికీ ఉన్న లింకును లోకం ముందు పెట్టాడు. దాచిపెట్టలేదు. మానేయాలనుకుంటే మన ఆత్మగౌరవం కోసం మనం మానేస్తాం. ఇంకొకడి భయానికి మానేయడం వేరే సంగతి. మన ఇండ్లల్లో తిననోళ్లు చాలామంది ఉన్నారు. తినమని నేను ఎవరినీ అడగను. తిన్నోళ్లు తిన్నామని చెప్పుకునే చోటు ఉండాలంటున్నాను.

ఇప్పుడు అద్దె ఇంటి ముచ్చట. మిత్రుడి మీద ఇంత రాసినోణ్ని, నా సంగతి దాచిపెడితే న్యాయం కాదు.

చదువయ్యాక నగరంలో ఒక రూమ్ తీసుకున్నాను. ఓనరమ్మ మొదటి రోజే "మీరేం తింటరు బాబూ?" అని అడిగింది. ఆ ప్రశ్నలో కులం అడుగుతుందని నాకు తెలుసు. "చికెన్ కూడా ఆదివారమే అమ్మా" అన్నాను. రెండు నెలల తర్వాత మా అమ్మ ఊరి నుంచి బస్సులో వచ్చింది. పాత డబ్బాలో ఎండు తునకలు తెచ్చింది. పెద్దకూర కోసి, ఉప్పు పసుపు పట్టించి, దండెం మీద నాలుగు రోజులు ఎండబెట్టి, కాకులకు కాపలా కూర్చుని చేసింది. "పుంటికూరల వేసి వండుకో బిడ్డా, నీకిష్టం గదా" అంది.

వండితే వాసన పైకి పోతుంది. అమ్మను బస్సెక్కించి వచ్చి, ఆ రాత్రే డబ్బా తీసుకుపోయి రెండు వీధుల అవతల చెత్తకుండీలో పారేశాను. డబ్బా కూడా పారేశాను. తర్వాత అమ్మ ఫోన్‌లో అడిగింది. "మస్తుగున్నయమ్మా" అన్నాను.

మా మిత్రుడు అక్షరంలో చేసింది, నేను చెత్తకుండీ దగ్గర చేశాను. ఆయనకు పోయేది ఏముంది? చుట్టాల్లో ఒక మాట పడతాడు. నాకు రూమ్ పోతుంది. రెండూ ఒకటి కావు. అయినా అమ్మకు అబద్ధం చెప్పింది నేనే. ఆమె నాలుగు రోజుల కాపలాను పారేసింది నేనే. ఓనరమ్మ నన్ను ఒక్క మాట అనకముందే నేనే ఆ పని చేసిపెట్టాను. కులం ఇట్లా పనిచేస్తుంది.

అమ్మకు ఈ సంగతి పోయిన సంక్రాంతికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "డబ్బా అన్న తేకపోయినవా, అది మా అమ్మ డబ్బా" అంది.

హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు కూడా రేపు సావనీర్లకు రాస్తారు. తిన్న హోటళ్ల గురించి, నవ్విన రాత్రుల గురించి రాస్తారు. రాసేటప్పుడు కూర పేరు కూర పేరుగానే రాయండి. పెద్దకూరను పెద్దకూర అని, తునకలను తునకలని, బోటిని బోటి అని రాయండి. ఎడిటర్ మార్చమంటే ఎందుకని అడగండి. రూమ్ పోయే భయం ఉంటే ఇప్పుడే రాయకండి. ముందు మీరు బతకాలి. కానీ ఇంటికి పోయినప్పుడు ఎట్లా కోస్తారో, ఎట్లా ఎండబెడతారో అమ్మ దగ్గర కూర్చుని రాసి పెట్టుకోండి. రేపటికి పనికొస్తుంది.

అన్నా, ఇది నువ్వు కూడా చదువుతావని తెలుసు. వచ్చే ఏడాది సావనీరులో ఒక్క లైన్ సవరణ వేయించు. ఆ నల్లి బొక్క ఎక్కువసార్లు నీకే ఇచ్చాం. అది బర్రె బొక్కే.

జై భీమ్.