పూయని మొగలి



శ్రావణమాసము ప్రవేశించినది. పట్టుచీరల మడతలలో మొగలిరేకులు పెట్టుకొను దినములివి. “ఉప్పుగాలికి మా పెరటిలో నేది నాటినను మాడిపోవుచున్నది, ఇసుకనేలలో బ్రతుకు చెట్టేదైన జెప్పుడు” అని గత మాసమున నొక సోదరి వ్రాసినది. ఆమెకు నా ప్రత్యుత్తరము మొగలియే.

ఇది మన సముద్రతీరమున బుట్టి పెరిగిన చెట్టు. ఆకులు మర చుట్టినట్లు మెలిదిరిగి పుట్టుటచే ఆంగ్లేయులు దీనికి ‘స్క్రూ పైన్’ అని పేరిడిరి గాని, పైన్ అనబడు సరళవృక్షముతో దీనికి చుట్టరికమేమియు లేదు. తాటి, కొబ్బరి, గడ్డివలె నిది యేకదళబీజములలో జేరినది. సంస్కృతమున కేతకి. బ్రహ్మకొఱకు కల్లసాక్ష్యము పలికి శివపూజకు వెలియైనదని పురాణకథ. పూజకు వెలియైనను మన జడలకు మాత్రము వెలి కాలేదు!

మాది శ్రీకాకుళము జిల్లాలో సముద్రపుటొడ్డు గ్రామము. మావారిచట నుపాధ్యాయులు. నేను కాపురమునకు వచ్చునప్పటికే పెరటికంచె వెంబడి రెండు మొగలిపొద లుండెను. ఒకటి యేటేట ఘుమఘుమలాడుచు పూచెడిది. రెండవది యెన్నడును పూయలేదు. “పూయని పొద మనకెందుకే అమ్మా, పాములకు తప్ప?” అని మా అత్తగారు కొట్టింపదలచిరి. నాకును అది న్యాయముగనే తోచినది. కూలివానిని పిలిపించితిమి. వాడు రెండు మట్టలు నఱికి, “అమ్మగారూ, ఇందులో కాయ ఉందండి” అనెను. చూడగా, అనాసపండువంటి కాయ యొకటి ఆకులచాటున వ్రేలాడుచుండెను.

మొగలిలో ఆడచెట్టు వేఱు, మగచెట్టు వేఱు. మనము జడలో దుఱుముకొను సువాసనరేకులు మగచెట్టువి. ఆడచెట్టు పూత కంటికానదు, వాసనయు నంతగా నుండదు. పండు మాత్ర మిచ్చును. నాన్నగారియొద్ద కావ్యములు చదివి, కేతకీవర్ణనలు వల్లెవేసిన నాకు ఈ సంగతి కూలివాని కత్తివలన తెలిసినది! కనిపెట్టుకొని యున్న దానిని గొడ్డుచెట్టని కొట్టింపబోయితిమిగదా యని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఆ పండు మాగినపుడు నారింజవన్నెకు దిరిగి తునుకలు తునుకలుగా రాలును. రాత్రి గబ్బిలములు, పగలు ఉడుతలు దానిని కొఱుకును. క్రిందపడినది పీతలకును చీమలకును. తునుక నారతో నిండియుండుటచే నీటిపై దేలి, అలలవెంబడి పోయి మఱియొక తీరమున మొలకెత్తగలదు. పొదలో నేటేట జెముడుకాకి గూడుకట్టుచున్నది. పికిలిపిట్టలు, తొండలు, ఒక ముంగిస, అపుడపుడు ఉడుము. పాములును వచ్చును, దాచనేల? అవి పూలవాసనకు గాక ఎలుకలకును కప్పలకును వచ్చును. కావున పిల్లలు తిరుగు త్రోవకును నూతికిని దూరముగ, కంచె చివరనే నాటుడు. ఆకుల యంచులకును, నడియీనె యడుగునను ముండ్లుండును.

మా యూరిబయట బారులుగా నాటిన సరుగుడు ఆస్ట్రేలియా మొదలగు దూరదేశములనుండి వచ్చినది. పొయ్యిలోనికి కట్టె ఆ చెట్టే యిచ్చుచున్నది గనుక నేను నిందింపను. కాని రాలిన సరుగుడాకు మందముగ బఱచుకొన్నచోట గడ్డియైన మొలచుట కష్టము. 2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను వచ్చినపుడు ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు నేలకూలినవి. మా మొగలిపొదలు ఒకప్రక్క కొరిగినవేగాని ఊడలు విడువలేదు. వాని మొదట ఇసుక కుప్పవడి నిలిచెను.

నాటు విధము సులభము. తొలకరి వానలలో, ఊడలుగల కొమ్మను మూరెడు పొడవున గోసి, ఆకులను సగమునకు కత్తిరించి, ఇసుకలో కొంచెము పశువులపెంట కలిపి జానెడు లోతున నాటుడు. వేళ్ళు పట్టువఱకు నీరు చాలును, నిలువనీరు కూడదు. మూడు నాలుగేండ్లకు పూతకు వచ్చును. ఏ చెట్టుకొమ్మ నాటితిరో ఆ జాతియే యగును. గింజ నాటినచో పూచువఱకు తెలియదు. మాకు ఉత్తరముననున్న గంజాములో అత్తరుకొఱకు పొలముగట్లపై మొగలి విరివిగ బెంచుదురు. సొమ్మువచ్చునది మగపూవే గావున అచట మగచెట్లకే యాదరము. మీ పెరటిలో మాత్రము రెండు మగకొమ్మలు నాటినచో నొక ఆడకొమ్మకును చోటీయుడు.

ఈ యేడు మా చెట్టున మూడు పండ్లు గలవు. ఒకదానిని మొన్నరాత్రి గబ్బిలములు మొదలుపెట్టినవి. ప్రొద్దున వాకిలి యూడ్చుచు మా అత్తగారే ఆ కొఱికిన తునుకలను చీపురుతో పొదమొదటికి ద్రోసి, “పీతలకుండనీ” అనిరి.