ఐక్యూ పరీక్షకు ముందు చేయించవలసిన పరీక్షలు

"మా అబ్బాయిని మెన్సాలో చేర్పించవచ్చా డాక్టరు గారూ?" అని ఈ మధ్య కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. వారికీ, మీకూ కలిపి నా అభిప్రాయం చెబుతాను.

మెన్సా అనేది మేధావుల సంఘం. 1946లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో రోలండ్ బెరిల్, లాన్సెలాట్ వేర్ అనే ఇద్దరు దీనిని స్థాపించారు. లాటిన్ భాషలో మెన్సా అంటే బల్ల. హోదాలతో నిమిత్తం లేకుండా అందరూ ఒకే బల్ల చుట్టూ సమానంగా కూర్చోవాలన్నది దాని భావం. ఆమోదించిన తెలివితేటల పరీక్షలో పై 2 శాతంలో నిలిచినవారికే ప్రవేశం. మన దేశంలోనూ శాఖ ఉంది. గిరిజన బాలలలోని ప్రతిభను గుర్తించే ప్రయత్నం కూడా అది చేసింది. అది మెచ్చుకోదగిన పని.

అయితే ఐక్యూ అంకెను బిడ్డ జాతకంగా భావించకండి. 1905లో ఆల్ఫ్రెడ్ బినే ఈ పరీక్షను రూపొందించింది చదువులో అదనపు సహాయం కావలసిన పిల్లలను గుర్తించడానికే గాని, మేధావులకు పట్టం కట్టడానికి కాదు. 1921లో అమెరికాలో లూయిస్ టెర్మన్ మేధావి బాలలను ఏరినప్పుడు మార్కులు చాలక మిగిలిపోయిన విలియం షాక్లీ, లూయిస్ అల్వరెజ్ తరువాత నోబెల్ బహుమతులు పొందారు.

చెల్పూర్ విద్యుత్ కేంద్రంలో పనిచేసే ఇంజనీరు బిడ్డకైనా, పత్తి చేనులో కూలికి పోయే తల్లి బిడ్డకైనా మెదడు ఎదగడానికి కావలసినవి ఒకటే. వాటిలో మొదటిది అయోడిన్. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాములు అవసరం. గర్భంలో తీవ్రమైన అయోడిన్ లోపం వల్ల బిడ్డకు కలిగే బుద్ధిమాంద్యాన్ని తరువాత ఏ మందూ పూర్తిగా సరిదిద్దలేదు. కనుక వంటకు అయోడిన్ కలిపిన ఉప్పే వాడండి. డబ్బాకు మూత గట్టిగా పెట్టండి.

రెండవది, బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకు థైరాయిడ్ పరీక్ష. లోపం ఉంటే రెండు వారాలలోపే మందు మొదలుపెట్టాలి. ఆలస్యమైన కొద్దీ మెదడుకు నష్టం పెరుగుతుంది.

మూడవది రక్తహీనత. 5 నుండి 11 ఏళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ 11.5 గ్రాములకు తగ్గరాదు. తగ్గితే పాఠంపై మనసు నిలవదు. నులిపురుగుల మాత్రను బడిలో ఇచ్చినప్పుడు తప్పక వేయించండి.

నాలుగవది చూపు, వినికిడి. నల్లబల్ల కనిపించని పిల్లవాడిని, గురువు మాట వినబడని పిల్లవాడిని మొద్దు అనడం అన్యాయం. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే బాల స్వాస్థ్య బృందాలు ఈ లోపాలను ఉచితంగా పరిశీలిస్తాయి.

ఏ సంఘంలోనూ చేరకపోయినా బిడ్డకు వచ్చే నష్టం లేదు. ఈ నాలుగింటిలో ఏది తప్పినా నష్టం జీవితాంతం ఉండవచ్చు. ముందుగా మీ పిల్లలకు రక్తం, కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. ఐక్యూ సంగతి ఆ తరువాత చూద్దాం.