ఒలిచిన చేతుల లెక్క ఎవరి దగ్గరుంది?

2025 ఆగస్టు 27న అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతం చేసింది. రొయ్యల మీద పాత సుంకాలు కూడా కలిపితే 58 శాతం దాటింది. ఇక పేపర్ల నిండా రొయ్య గోడే. కౌంటు రేటు పడిపోయిందని రైతు గోడు, ఆర్డర్లు ఆగిపోయాయని ఎగుమతిదారు గోడు. రెండూ నిజమే, కాదనం. మరి మొగల్తూరు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల పేటల నుంచి తెల్లారకుండా వ్యానెక్కి, ఐసు నీళ్ళలో చేతులు నానబెట్టి, తలలు తీసి తొక్క ఒలిచే ఆడకూలీ గోడు ఎంతమంది రాశారు? రేపట్నించి వ్యాను రాదని మేస్త్రీ ఒక్క ముక్క చెప్తే ఆమె పని అయిపోయినట్టే. దానికి నోటీసుండదు, కాగితముండదు.

మన ఆడోళ్ళు రొయ్యలు ఒలవడానికే పుట్టలేదు. ఊడ్పులు, కలుపుతీత, కోతలు, నూర్పులు వాళ్ళ చేతుల మీదే నడిచాయి. చేలు తవ్వి చెరువులు చేశాక ఆ పని పోయింది. ఎకరం వరికి కావలసినన్ని చేతులు ఎకరం చెరువుకి అక్కర్లేదు. కాపలాకి ఒకడు, మేత చల్లడానికి ఒకడు, పట్టుబడి రోజున నలుగురు. చేను ఎవరిదో, చెరువు ఎవరిదో, కూలి ఎవరిదో పేటలో చిన్నపిల్లాణ్ణడిగినా చెప్తాడు. అట్లా ఒకసారి పని పోయి కంపెనీ గేటు దగ్గరికి చేరినవాళ్ళకి ఇది రెండో దెబ్బ.

బయటి సరుకొచ్చి తమ ఫ్యాక్టరీ కూలీ పని పోతే సర్కారే ఆదుకోవాలని అమెరికా 1962లోనే చట్టం చేసుకుంది. కొత్త పని నేర్పించాలి, నేర్చుకున్నన్నాళ్ళు భృతి ఇవ్వాలి. 2002లో దాన్ని రైతులకీ, చేపలు పట్టేవాళ్ళకీ వర్తింపజేశారు. 2010లో అక్కడి రొయ్యల వేటగాళ్ళు, దిగుమతి రొయ్య మా రేటు పడగొట్టిందని అర్జీ పెడితే సర్కారు ఒప్పుకుంది. శిక్షణ తీసుకున్నవాళ్ళకి మనిషికి 12,000 డాలర్ల దాకా ఇస్తామంది. ఆ దిగుమతి రొయ్యలో మనదీ ఉంది. అంటే మన అక్క ఒలిచిన రొయ్య వల్ల ఎవడికి దెబ్బ తగిలిందో వాడికి లెక్కుంది, ఒలిచిన అక్కకి లేదు. (అమెరికాని పొగడ్డం మా పని కాదు. ఆ సాయాన్ని శవానికి చేయించిన బీమా అని అక్కడి యూనియన్లే ఎగతాళి చేశాయి. 2022 జులై నుంచి కొత్త ఫ్యాక్టరీ కూలీల అర్జీలకి ఆమోదమివ్వడమే ఆపేశారు.)

మన పాలకులు చెయ్యలేదా అంటే చేశారు. నూతన ఆర్థిక విధానం వల్ల పని పోయేవాళ్ళ కోసమని 1992లో జాతీయ పునరుద్ధరణ నిధి పెట్టారు. అందులో డబ్బు చాలామటుకు ప్రభుత్వరంగ సంస్థల్లో పర్మినెంటు వాళ్ళని స్వచ్ఛందంగా ఇంటికి పంపడానికే ఖర్చయింది. 2000లో ఆ నిధిని మూసేశారు. మేస్త్రీ కింద కూలీకి అందులో చోటెక్కడిది?

ఇంకో సంగతి కార్యకర్తలు కూడా చాలామంది మర్చిపోయారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద తీర్పు చెప్పింది. కేసు వేసింది తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్. తంజావూరులో దళిత కూలీలకి భూమి కోసం పోరాడిన మనిషాయన. కోస్తా నియంత్రణ మండలంలో చెరువులు తీసెయ్యమని చెప్పి కోర్టు అక్కడితో ఆగలేదు. మూతపడే చోట ఏడాది పనిచేసిన ప్రతి కూలీకి చట్టప్రకారం రిట్రెంచ్‌మెంటు పరిహారం, దాని మీద ఆరేళ్ళ జీతం అదనంగా 1997 మే 31 లోపు ఇమ్మంది. ఆరేళ్ళ జీతం! రొయ్య కూలీకి అంత హక్కుందని దేశంలో అత్యున్నత కోర్టు రాసిన మాట అది. తీర్పు అమలు కాకుండా ఆగింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి చెరువుల్ని గట్టెక్కించింది. చెరువు బతికింది, ఆరేళ్ళ జీతం మాట చెరువులోనే కలిసింది.

ఇప్పటి కథ చూడండి. 2025 నవంబరు 12న కేంద్రం ఎగుమతిదారులకి 20,000 కోట్ల రూపాయల అప్పులకి హామీ ఉంటానంది. రెండ్రోజులకే రిజర్వు బ్యాంకు, సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా ఎగుమతి వ్యాపారుల బాకీల కిస్తీలు వాయిదా వేసుకోవచ్చని చెప్పింది. పోయిన పనిదినాలకి కూలీకి ఇంత అన్న పద్దు వీటిల్లో లేదు. కంపెనీ నిలబడితే కూలీ నిలబడతాడంటారు. కంపెనీ నిలబడ్డ రోజుల్లో ఆమె పేరు ఏ రిజిస్టర్లో ఉందో ముందది చెప్పండి.

మొగల్తూరుకి ఈ సంగతి తెలుసు. 2017 మార్చి 30న ఇక్కడి ఒక రొయ్యల ప్లాంటులో వ్యర్థాల ట్యాంకు దగ్గర విషవాయువుకి ఐదుగురు కూలీలు చచ్చిపోయారు. ఆ రోజు పేపరోళ్ళు, నాయకులు, ఆఫీసర్లు అందరూ వాళ్ళ పేర్లు పలికారు. బతికున్నప్పుడు మాత్రం కూలీ పేరు మేస్త్రీ జేబులో పుస్తకంలోనే ఉంటుంది.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు వచ్చాయి. పని తీసేసిన కూలీకి పదిహేను రోజుల జీతం యజమాని ఒక నిధికి కట్టాలి, 45 రోజుల్లో అది కూలీ ఖాతాలో పడాలి అని రాశారు. పదిహేను రోజులు ఏ మూలకి? అయినా వదలొద్దు. దానికీ, లేఆఫ్ పరిహారానికీ, అన్నిటికీ ముందు అడిగేది ఒకటే: నువ్వు అక్కడ పనిచేశావనడానికి సాక్ష్యమేది?

కాబట్టి పేటపేటకీ ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరు, ఏ తేదీన, ఏ వ్యానులో, ఏ కంపెనీకి వెళ్ళారు, మేస్త్రీ ఎవరు, ఎన్ని కిలోలు ఒలిచారు, ఎంతిచ్చారు. చదువుకున్న పిల్లలు రోజూ రాత్రి రాయాలి. ఫోన్లో డబ్బులు పడితే ఆ మెసేజీ చెరపొద్దు. సంవత్సరంలో 240 రోజులు లెక్క తేలినవాళ్ళ జాబితా సంఘం తరఫున లేబరాఫీసరుకిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. వ్యాపారుల కిస్తీలు ఆపిన ఆ నాలుగు నెలల్లో మన ఆడోళ్ళకి పోయిన ప్రతి పనిదినానికీ కూలి సర్కారే కట్టాలని ఆ జాబితా పైన రాయండి.